గ్లామర్‌కి సరైన తెలుగు కనికట్టు

ఎడిన్‌బరోలో విగ్గులు తయారుచేసి బతికిన అలన్ రామ్సే కవి కూడా. 1721లో తన పద్యాల సంపుటి అచ్చువేస్తూ, అందరికీ తెలియని స్కాట్స్ (స్కాట్లండ్ జనం భాష) మాటలకు అర్థాలు రాసిపెట్టాడు. వాటిలో ఒకటి ఇలా ఉంటుంది: దయ్యాలో, మంత్రగాళ్ళో, గారడీవాళ్ళో చూపును మోసం చేసినప్పుడు, చూసేవాళ్ళ కళ్ళమీద గ్లామర్ వేశారని అంటారు.

ఇందులో అందం ఊసే లేదు. ఆకర్షణ లేదు, సొగసు లేదు. వేసేవాడొకడున్నాడు, పడే కళ్ళున్నాయి, మధ్యలో మోసముంది. ఈరోజు ఏ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తిప్పినా గ్లామర్ పక్కన కనిపించే అర్థాలు ఆకర్షణ, సౌందర్యం, తళుకు. ఇవి తప్పులని అనను, కానీ ఈ మాటకు మూడొందల ఏళ్ళ చరిత్ర ఉంటే అందులో చివరి భాగానికే సరిపోతాయి. పైగా మనకు అచ్చం ఆ పాత అర్థంతోనే ఒక మాట ఉంది: కనికట్టు. కంటిని కట్టేయడం. రామ్సే ఇచ్చిన వివరణను ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతకన్నా బాగా చెప్పలేం.

ఈ మాట అచ్చులో కనబడిన తొలి చోట్లలో ఒకటి రామ్సే రాసిన మరో పద్యం. అది ఫెయిరీల (కథల్లోని మాయాజీవుల) గురించో అడవుల గురించో కాదు, షేర్ల గురించి. 1720లో లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేరు ఏడాది మొదట్లో నూరు పైచిలుకు పౌండ్లుండి, వేసవికి వెయ్యి దాకా ఎగబాకి, శరదృతువులో కుప్పకూలింది. ఆ పిచ్చి మీద రాస్తూ రామ్సే ఒక పోలిక తెచ్చాడు. డబ్బు కోసం ఆత్మను అమ్ముకునే మంత్రగత్తెకు ఏ ఎర వెయ్యాలో సైతాను కనిపెట్టి, ఆమె కళ్ళమీద తన మోసపు గ్లామర్ విసురుతాడట. విలువ లేని కాగితం బంగారంలా కనిపించడానికి పెట్టిన పేరు గ్లామర్. మాట ఎక్కడ అచ్చుకెక్కిందో తెలిస్తే చాలాసార్లు దాని అర్థం సగం తెలిసిపోతుంది.

ఆ పద్యం మనకు ఇంకో మేలు కూడా చేస్తుంది. అంత్యప్రాస కోసం రామ్సే గ్లామర్‌ను 'డామ్ హర్' అన్న రెండు మాటలతో జతచేశాడు. అంటే అప్పటి స్కాట్లండ్‌లో దీన్ని గ్రామర్ పలికినట్టే పలికేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

గ్లామర్ వస్తువు మీద కాక కంటి మీద పనిచేస్తుందని చెప్పడానికి జానపద కథల్లో చక్కని రుజువుంది. బ్రిటన్ అంతటా చెప్పుకున్న కథ అది. అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టి మంత్రసానిని పురుడు పోయడానికి తీసుకెళతారు. పెద్ద భవనం, పట్టుపరుపులు, అందమైన తల్లి. బిడ్డ కళ్ళకు రాయమని ఆమెకు ఒక లేపనం ఇస్తారు. పొరపాటున అది కాస్త ఆమె కంటికి అంటుకుంటుంది, అదీ ఒక్క కంటికి. ఆ కంటితో చూస్తే కనిపించేది గుహ, ఎండుటాకులు, చిక్కిపోయిన మనిషి. రెండో కంటితో చూస్తే భవనం అలాగే ఉంది. తరవాత ఎప్పుడో సంతలో ఆమెను తీసుకెళ్ళిన ఆ ఫెయిరీలలో ఒకడు ఆమెకు ఎదురుపడతాడు. ఆమె పలకరిస్తే, నన్ను ఏ కంటితో చూస్తున్నావని అడిగి ఆ కన్ను తీసేస్తాడు. మాయ భవనానికే పట్టి ఉంటే రెండు కళ్ళకూ ఒకే దృశ్యం కనబడాలి. ఒకే గదిలో, ఒకే తలలో, ఒక కన్ను కట్టుబడి ఉంది, ఇంకొకటి విడుదలైంది. కనికట్టు అన్న మాట ఈ కథకోసమే పుట్టిందా అనిపిస్తుంది.

1805లో వాల్టర్ స్కాట్ తన పెద్ద కథాకావ్యంలో గ్లామర్ ఏమేం చేయగలదో పట్టిక వేశాడు. చెరసాల గోడమీది సాలెగూళ్ళు దొరల కొలువులోని తెరల్లా కనిపిస్తాయి, కాయ డొప్ప బంగారు పడవలా, పశులకాపరి గుడిసె రాజభవనంలా. పడుచుదనం ముసలితనంలా, ముసలితనం పడుచుదనంలా. ఆ పట్టికలోని చివరి జంట మనకు కీలకం. ముసలితనాన్ని పడుచుదనంగా చూపడం ఎంత గ్లామరో, పడుచుదనాన్ని ముసలితనంగా చూపడమూ అంతే గ్లామర్. వికారంగా కనబడేలా చేసినా మాట మారదు. గ్లామర్ అంటే అందం అనేవాళ్ళకు ఈ పంక్తి అడ్డం పడుతుంది.

ఇక మాట ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. గ్లామర్ పుట్టిల్లు గ్రామర్. అవును, బళ్ళో చెప్పే వ్యాకరణమే. వినగానే ఇది ఎవరో చమత్కారానికి కట్టిన మాట అనిపిస్తుంది కాబట్టి నిదానంగా పరిశీలించాలి. ఒక మాట పుట్టుక గురించి ఎవరేం చెప్పినా నాలుగు ప్రశ్నలు వేయాలి. ధ్వని అలా మారగలదా? అర్థం అలా జరగగలదా? ఆ రెండు మాటలూ ఒకే చోట, ఒకే కాలంలో జనం నోట ఉన్నాయా? మధ్యలో మెట్లు దొరుకుతున్నాయా? ఇంటర్నెట్‌లో తిరిగే వ్యుత్పత్తి కథల్లో ఎక్కువ భాగం నాలుగో ప్రశ్న దగ్గరే కూలిపోతాయి.

ధ్వని సంగతి తేలిక. గ్రామర్‌లో రెండు 'ర'కారాలున్నాయి. ఒకే మాటలో ఒకే రకం ధ్వని రెండుసార్లు వస్తే నాలుక ఒకదాన్ని పక్కకు నెట్టేస్తుంది. భాషాశాస్త్రంలో దీన్ని డిసిమిలేషన్ అంటారు. 'ర', 'ల' రెండూ నోట్లో ఇరుగుపొరుగు ధ్వనులు కాబట్టి ఎక్కువగా ఇవి ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటాయి. లాటిన్‌లో పరదేశి అన్న అర్థంలో ఉన్న పెరెగ్రీనుస్ తరవాత పెలెగ్రీనుస్ అయి, ఇంగ్లీషులో పిల్‌గ్రిమ్‌గా దిగింది. ఊదారంగు పుర్పుర పర్పుల్ అయింది. పాలరాయి మార్మోర్ మార్బుల్ అయింది. చెట్టుకు లాటిన్ మాట ఆర్బోర్, స్పానిష్‌లో ఆర్బోల్. ఎదురుదారిలోనూ నడుస్తుంది: ఇటాలియన్ కొలొన్నెల్లోలో 'ల'లు ఎక్కువై ఫ్రెంచివాళ్ళు కొరొనెల్ అన్నారు. ఇంగ్లీషువాళ్ళు 'ల'తో రాస్తూనే ఇప్పటికీ 'ర'తో కర్నల్ అని పలుకుతారు. సంస్కృతం చదివినవాళ్ళకు ఇది మరీ కొత్త కాదు. ధా ధాతువును రెట్టిస్తే ధధాతి రావాలి, దధాతి వస్తుంది. భూ ధాతువుకు భభూవ రావాలి, బభూవ వస్తుంది. రెండు మహాప్రాణాలు వరసగా వస్తే మొదటిది అల్పప్రాణమవుతుంది. గ్రామర్‌లో మొదటి 'ర' జరిగినట్టే.

అయితే బళ్ళో గ్రామర్ అలాగే ఉండి, జనం నోట్లోది మాత్రం ఎందుకు మారింది? నా ఉద్దేశంలో దీనికి జవాబు మన ప్రకృతి–వికృతుల్లో ఉంది. పుస్తకాన్ని అంటిపెట్టుకున్న రూపాన్ని పుస్తకమే కాపాడుతుంది, పంతులు దిద్దుతాడు. పుస్తకం దాటి వీధిలోకి వచ్చిన రూపాన్ని దిద్దేవాళ్ళుండరు. రూపం విడిపోయాక అర్థం కూడా తన దారి తాను చూసుకుంటుంది. మన విద్య, విద్దె చూడండి. విద్య చదువు దగ్గరే ఉండిపోయింది. విద్దె అనగానే నేర్పు, ఆట, గారడీ గుర్తొస్తాయి. గ్రామర్ ప్రకృతి, గ్లామర్ వికృతి అనుకుంటే ఈ జంట మనకు పరాయిగా అనిపించదు.

అర్థం జరిగిన తీరు ఇంకా విలువైనది. గ్రీకులో గ్రామ్మ అంటే అక్షరం, గీసింది. (బరువు కొలిచే గ్రాముకూ మూలం ఈ మాటే. గ్రీకులో గ్రామ్మ ఒక చిన్న తూకం పేరు కూడా. 1795లో ఫ్రాన్స్ కొత్త కొలతలు పెట్టినప్పుడు దాన్ని తీసుకుంది.) అక్షరాల కళ గ్రమ్మాటికే. అది లాటిన్‌లో గ్రమ్మాటికా, పాత ఫ్రెంచిలో గ్రమేర్. మధ్యయుగాల యూరప్‌లో ఈ మాటకు విశేషణం అక్కర్లేదు. గ్రామర్ అంటే లాటిన్ గ్రామరే. ఇంగ్లీషుకు కూడా వ్యాకరణం ఉంటుందని అచ్చువేసి చూపించిన మొదటి పుస్తకం, విలియం బుల్లోకర్‌ది, 1586 దాకా రాలేదు. అంతకు ఆరొందల ఏళ్ళ ముందే ఆల్‌ఫ్రిక్ అనే సన్యాసి లాటిన్ వ్యాకరణాన్ని పాత ఇంగ్లీషులో రాశాడు. గ్రమ్మాటికాకు 'స్టాఫ్‌క్రాఫ్ట్', అంటే అక్షరాల నేర్పు అని పేరు పెట్టి, అది పుస్తకాల అర్థాన్ని తెరిచే తాళంచెవి అన్నాడు. తాళంచెవి ఉందంటే తాళం వేసి ఉందనేగా. తాళం బయట నిలబడ్డవాళ్ళ చూపులోనే గ్రామర్ మంత్రమైంది.

అక్షరానికి ప్రాణం కాపాడే శక్తి ఉండేదని అంటే అతిశయోక్తి కాదు. ఇంగ్లండులో మతాధికారులను మామూలు కోర్టులు ఉరితీయకూడదన్న హక్కు ఒకటుండేది. మతాధికారి అని తేల్చుకునే పరీక్ష చదవగలగడం. సాధారణంగా చదవమని ఇచ్చేది బైబిల్లోని 51వ కీర్తన మొదటి వచనం. అది చదివి ఉరి తప్పించుకున్నవాళ్ళు ఎంతమందంటే దానికి 'మెడ వచనం' అని పేరొచ్చింది. 1489 నుంచి మామూలు మనుషులకు ఈ వెసులుబాటు ఒక్కసారే. మళ్ళీ వాడుకోకుండా బొటనవేలి మీద వాత పెట్టేవారు. నాటకకర్త బెన్ జాన్సన్ 1598లో ద్వంద్వయుద్ధంలో ఒక నటుణ్ణి చంపి, ఇలాగే చదివి, వాతతో బయటపడ్డాడు. చదువు రానివాళ్ళు ఆ ఒక్క వచనాన్ని బట్టీపట్టి వెళ్ళేవారు. అర్థం తెలియని భాషలో నాలుగు మాటలు సరిగ్గా పలికితే మెడకు పడ్డ ఉరితాడు ఊడిపోతుంది! ఇంతకన్నా మంత్రం ఏముంటుంది? చదివి చూపించాలన్న షరతు 1706లోనూ, హక్కు మొత్తం 1827లోనూ పోయాయి.

అంచేత పుస్తకం తెలిసినవాడు మంత్రగాడైపోవడం వింత కాదు. మైకేల్ స్కాట్ కథ చూడండి. 13వ శతాబ్దపు పండితుడు. 1217లో స్పెయిన్‌లోని తొలేదోలో కూర్చుని, గ్రహాల కదలిక మీద అల్ బిత్రూజీ రాసిన అరబీ గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. అరిస్టాటిల్‌ను అనువదించాడు. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో ఉన్నాడు. చనిపోయి వందేళ్ళు గడవకముందే ఇటలీ కవి డాంటే తన కావ్యంలోని నరకం భాగంలో, ఇరవయ్యో సర్గలో అతణ్ణి, తలలు వెనక్కి తిరిగిపోయిన సోదెగాళ్ళ మధ్య నిలబెట్టాడు. ఇందాక చెప్పిన 1805 కావ్యంలో మెల్‌రోజ్ మఠంలోని సమాధిలో ఇతని మంత్రాల పుస్తకం దొరుకుతుంది. ఒక మరుగుజ్జు దాన్ని తెరిచి ఒకే ఒక్క మంత్రం చదవగలుగుతాడు. అది గ్లామర్ మంత్రం. అదే కావ్యంలో మంత్రవిద్యకు గ్రామరీ అన్న మాట కూడా ఉంది. తల్లి, కూతురు ఒకే ఇంట్లో.

ఆ గ్రామరీ మనం వెతికే మధ్యమెట్టు. 14వ శతాబ్దంలో దానికి వ్యాకరణం, చదువు అని అర్థం. 15వ శతాబ్దానికి మంత్రవిద్య. ఫ్రెంచిలో కూడా గ్రమేర్ రెండుగా చీలి, ఒకటి వ్యాకరణంగా మిగిలితే రెండోది గ్రిమ్వార్ అయింది, అంటే మంత్రాల పుస్తకం. రెండు భాషల్లో ఒకే మాట ఒకే దారిలో జారిందంటే జారుడు అక్కడ నిజంగా ఉందన్నమాట. తెలుగులో కూడా ఉంది: మంత్రవిద్య, గారడీవిద్య, క్షుద్రవిద్య అంటాం. చదువుకు వాడే విద్యనే చేతబడికీ వాడుతున్నామని మనం గమనించనైనా గమనించం.

ఈ గొలుసులో ఒక బలహీనమైన లంకె ఉంది, దాచకూడదు. 15వ శతాబ్దపు గ్రామరీకీ 18వ శతాబ్దపు గ్లామర్‌కీ మధ్య, 'ర' 'ల'గా మారుతున్న రూపాలు రాతలో కనబడవు. ఆ సందులోంచే పోటీ వాదం దూరింది. స్కాండినేవియా వాళ్ళ పాత నార్స్ భాషలో గ్లామ్‌సీని అనే మాట ఉంది: ఉన్నదొకటి, కనిపించేదొకటి. 14వ శతాబ్దపు ఐస్‌లండ్ కథ గ్రెట్టిర్ సాగాలో గ్లామ్ అనే పిశాచం ఉంటుంది. వాడి కళ్ళు చూసిన గ్రెట్టిర్‌కు ఆపైన చీకటంటే జీవితాంతం భయమే. లేనివి కనిపించేవాళ్ళకు గ్లామ్ తన కళ్ళు అరువిచ్చాడని జనం అంటారని ఆ కథే చెబుతుంది. స్కాట్లండ్‌లో నార్స్ మాటలు బోలెడు. అర్థం అతికినట్టు సరిపోయింది. నాలుగు ప్రశ్నల్లో ఈ ఒక్కదానికి నార్స్ వాదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

కానీ ధ్వని దగ్గర ఆగిపోతుంది. గ్లామ్ వరకే వచ్చింది, వెనకున్న 'అర్' ఎక్కడిది? రామ్సే ప్రాసను బట్టి చూస్తే మాట మొత్తం, అచ్చుతో సహా, గ్రామర్‌కు అచ్చుగుద్దినట్టుంది. పైగా నార్స్ మాటకూ స్కాట్స్ మాటకూ మధ్య మెట్టు ఒక్కటి కూడా లేదు. గ్రామర్ దారిలో ఒక మెట్టు విరిగింది, నార్స్ దారిలో మెట్లే లేవు. మహా అయితే, 'గ్ల'తో మొదలయ్యే ఆ పాత మాట స్కాట్లండ్‌లో ఎక్కడో వినబడుతూ ఉండి 'గ్ర'ను 'గ్ల' వైపు కాస్త లాగి ఉండొచ్చు. అంతకు మించి ఒప్పుకోలేను.

గ్లీమ్, గ్లిటర్, గ్లో లాంటి మెరుపు మాటలతో దీన్ని కలిపేవాళ్ళున్నారు. పుట్టుకలో వాటితో సంబంధం లేదు. పుట్టాక మాత్రం ఆ ఇరుగుపొరుగు దీన్ని మార్చింది. ఇంగ్లీషు చెవికి 'గ్ల' వినగానే మెరుపు తోస్తుంది కాబట్టి, మోసం అర్థం పల్చబడే కొద్దీ మెరుపు అర్థం ఆ ఖాళీలోకి చేరింది. ఫ్రెంచి అమూర్‌తో, అంటే ప్రేమతో, కలపడం మాత్రం స్పెల్లింగు చూసి పడిన పొరపాటు.

ఇంగ్లీషులో మాయకు సంబంధించిన మాటలన్నీ ఒకచోట పెడితే గ్లామర్ ప్రత్యేకత ఇంకా స్పష్టమవుతుంది. ఎన్‌చాంట్ లాటిన్ ఇన్‌కాంటారే నుంచి వచ్చింది: ఒకరిమీద పాడటం. చార్మ్ కార్మెన్ నుంచి: పాట, పద్యం. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం నాటి రోమన్ పన్నెండు పలకల చట్టంలో చెడు కార్మెన్‌ను ఇన్‌కాంటారే చేయడం నేరమని రాసి ఉంది. రెండు మాటల మూలాలూ ఒకే నిషేధంలో పక్కపక్కనే కనబడతాయి. స్పెల్ పాత ఇంగ్లీషులో కేవలం మాట, కథ. గాస్పెల్ అంటే మంచి కబురు. మంత్రం అన్న అర్థం 16వ శతాబ్దం చివరికి గాని రాలేదు. అక్షరాలు కూడబలుక్కునే స్పెల్లింగ్ అదే మూలం నుంచి ఫ్రెంచి చుట్టూ తిరిగి వచ్చింది. ఫాసినేట్‌కు మూలం దిష్టి. పాడినవి రెండు, పలికింది ఒకటి, చూపుతో తగిలింది ఒకటి. రాతలోంచి పుట్టింది గ్లామర్, దాని ఫ్రెంచి చెల్లెలు గ్రిమ్వార్ మాత్రమే. రాతలో పుట్టి చివరికి కంటిమీద పనిచేయడం దీని సొత్తు.

అందం అన్న అర్థం 19వ శతాబ్దం మధ్యలో మొదలై, 1930లలో హాలీవుడ్ చేతిలో స్థిరపడింది. అక్కడా కనికట్టే జరిగింది, పనిముట్లే వేరు. ఎంజీఎం స్టూడియోలో జార్జ్ హరెల్ తీసిన ఫోటోలు చూడండి. ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల నెగటివ్, అంత పెద్దదైతే దానిమీద పెన్సిలుతో పనిచేయొచ్చు. చర్మం సహజంగా మెరవాలని ముఖానికి పూత వద్దనేవాడు. దీపం పొడవాటి చేతికి తగిలించి తలకు పైన పెట్టేవాడు. వెలుగు పైనుంచి పడితే చెక్కిలి ఎముక కింద నీడ దిగి ముఖం చెక్కినట్టవుతుంది. దీపం మరీ పైకి పోతే కళ్ళు గుంటల్లో మునిగిపోతాయి, మరీ కిందికి దిగితే ముఖం చదునవుతుంది. ఆ తరవాత నెగటివ్ మీద రీటచింగ్. నటి జోన్ క్రాఫర్డ్ ముఖమంతా చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు, ప్రింటులో ఒక్కటీ ఉండదు. సాలెగూడు తెరలా కనబడటానికీ దీనికీ తేడా నాకైతే కనిపించదు. అందం క్రాఫర్డ్‌దే. గ్లామర్ మాత్రం హరెల్ వేసింది.

అందుకే తెలుగులో ఆమెకు గ్లామర్ ఉంది అని రాసినప్పుడల్లా నాకు వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది. గ్లామర్ పాత్ర అంటే తక్కువ బట్టల పాత్ర అనే వాడుక మరీ అన్యాయం. కప్పడం ఆ మాట పని, విప్పడం కాదు. వాడుకను వ్యాసాలతో మార్చలేం, కానీ అనువాదం చేసేవాళ్ళు ఒక పని చేయొచ్చు. మూలంలో క్రియ ఏదో ముందు చూడాలి. గ్లామర్ వేశారు, విసిరారు, కప్పారు అని ఉంటే కనికట్టు తప్ప ఇంకేదీ రాయకూడదు. 19వ శతాబ్దం మధ్య దాటి, దూరపు కొండల మీదో గడిచిన రోజుల మీదో గ్లామర్ ఉంది అని ఉంటే మాయ, సమ్మోహనం సరిపోతాయి. 1930 తరవాత మనుషుల గురించైతే గ్లామర్ అనే వదిలేయొచ్చు, అందం అని మాత్రం తేల్చేయకూడదు.

ఈ సూత్రం పనిచేయని చోటు ఒకటుంది. 1789లో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్, పాత కట్టడాలు వెతుక్కుంటూ తిరిగే ఒక కెప్టెన్ గురించి రాస్తూ, గ్లామర్ బేరం చేసే జిప్సీ ముఠానూ, నరకపు నల్ల గ్రామర్ లోతుగా చదివిన మంత్రగాళ్ళనూ ఒకే ఊపులో పిలిచాడు. వరస పంక్తుల చివర గ్లామర్, గ్రామర్. తల్లిని, కూతురిని అంత్యప్రాసలో కూర్చోబెట్టాడు. తెలుగులో నేను వెళ్ళగలిగినంత దూరం ఇది:

జిప్సీ ముఠా, మీ సరుకంతా కనికట్టు;
మీరెరిగినదో నరకపు నల్ల చదువు గుట్టు.

కట్టు, గుట్టు ప్రాస కుదిరింది. కానీ బర్న్స్ ప్రాసలో రక్తసంబంధం ఉంది. ఇందులో లేదు.